లేని బర్రె మీద వేలిముద్ర

జకరయ్యకు సంతకం వచ్చు. ఆదివారం గుళ్లో బైబిలు పాఠం చదివేది అతనే. ఊరి బయటి పేటలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టేదీ, జవాబు రాసి పెట్టేదీ అతనే. అయినా 1974లో, ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దోవలో ఉన్న తన ఊళ్లో, కరణం ఇంటి అరుగు కింద వంగి నిలబడి వేలిముద్ర వేశాడు.

“సంతకం పెడతా సామీ,” అని అడగకపోలేదు.

“మీకెందుకురా సంతకాలు,” అన్నాడు కరణం, సిరా ప్యాడు ముందుకు తోస్తూ. “నువ్వు ముట్టుకుంటే మల్ల నా కలం కడుక్కోవల్ల. వేలు పెట్టి పో.”

కాగితం కరణం వైపు తిరిగి ఉంది. వేలు ఆనించే లోపలే తలకిందులుగా ఉన్న అక్షరాలను జకరయ్య చదివేశాడు. రెండేళ్ల కిందట సర్కారు పట్టా ఇచ్చిన ఎకరన్నర చేనును ‘స్వచ్ఛందంగా’ వదులుకుంటున్నానని ఉంది. అతను నోరు తెరవలేదు. అరుగు మీద కరణం పక్కన పత్తిమిల్లు మేనేజరు నాగభూషణం కూర్చుని ఉన్నాడు. పేటలో ముప్పై ఇళ్లూ ఆ మిల్లు యజమాని చేలల్లో కూలికి పోయి బతికేవే. జకరయ్య తర్వాత ఇంకో పదిమంది వరుసగా వేళ్లు పెట్టారు. ఇంటికొచ్చి బూడిదతో వేలు రుద్దుకుంటుంటే భార్య లూదియా చూసింది.

“రాసేది మర్సిపోయినావా?” అంది.

“రాయనియ్యలేదు.”

“అడగలేదా?”

“అడిగినా,” అన్నాడు. ఆ తర్వాత ఏడేళ్లు ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మిల్లు యజమాని పేరు తిమ్మారెడ్డి. పేరు పెట్టి పిలిచేవాడు లేడు, అందరికీ ‘మిల్లాయన’. నంద్యాలలో మేడ, ఆళ్లగడ్డ దగ్గర మిల్లు. మద్రాసులో నలుగురు పట్టే చిన్న విమానం ఒకటి కొన్నాడు. అది దిగడానికి చదునైన నేల కావాలి. ఆయనకు మూడు ఊళ్లలో పొలాలున్నాయి. వాటిలో చదునైన నేల లేదా అని అడిగిన వాడు లేడు. పదకొండు మంది పట్టా చేలు కలిపి, గట్లు చెరిపి, నల్లరేగడి మీద గరుసు పరిచి తొక్కించారు. నంద్యాల బజారులో మాత్రం జనం నవ్వుకున్నారు: “గుంతల్లో కారు కుదుపుతాందని గాల్లో తిరుగుతాండాడప్పా. ఆ దుడ్లతో రోడ్డే ఏపిచ్చుకోవచ్చు గదా.”

ఆ గరుసు బాటకు కావలి ఎవరు? చేను పోగొట్టుకున్న జకరయ్యే. తను సజ్జ విత్తిన చోట ఇప్పుడు మొలిచిన గడ్డి పీకాలి. వాన కోసిన గుంతలు పూడ్చాలి. గొడ్లను తోలాలి. విమానం మోత వినపడగానే భుజం మీది తుండు తీసి చేత్తో పట్టుకుని బాట పక్కన నిలబడాలి. ఇది నాగభూషణం పెట్టిన నియమం. కారులో వచ్చినా, నడిచి వచ్చినా మిల్లాయన ముందు పేటవాళ్ల భుజం మీద తుండు ఉండకూడదు. ఆకాశంలో వచ్చినా ఉండకూడదట.

ఒకసారి లూదియా అడిగింది: “అంత ఎత్తు నుంచి నీ తుండు కనపడతాదా ఆయప్పకు?”

“మనమే కనపడం. తుండు కనపడతాదంట,” అన్నాడు జకరయ్య.

విమానం నడిపేది సుందరేశన్ అనే మద్రాసు మనిషి. బాట వెంట నడుస్తూ ఒకటి రెండు విషయాలు జకరయ్యకు చెప్పాడు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి. ఎదురుగాలి దాన్ని పట్టి ఆపుతుంది. గాలి వెనక నుంచి తోస్తే చక్రాలు నేలకు తగిలినా వేగం చావదు, తోక మాట వినదు. అందుకని గాలి ఎటు వీస్తున్నదో పైనున్న వాడికి చెప్పే మనిషి కింద ఉండాలి.

“తూర్పారబట్టేటోనికి గాలి సంగతి చెప్పల్లా సార్,” అన్నాడు జకరయ్య. “గద్ద దిగేదీ అట్లే. సూడు కావాలంటే.”

సుందరేశన్ నిజంగానే నిలబడి ఒక గద్ద దిగేదాకా చూశాడు.

బాట సగం పొడుగున, ఒక పక్కగా పొడుగాటి గుంజ నాటారు. లూదియా మిల్లు ముతక గాడా గుడ్డతో జుబ్బా చెయ్యిలాంటి పెద్ద గొట్టం కుట్టింది. దాన్ని గుంజ కొనకు కట్టారు. గాలి లోపలికి దూరి అది ఉబ్బి ఎటు సాగితే అటు గాలి పోతున్నట్టు. పేటలో దాన్ని గాలిగుడ్డ అన్నారు. దానికి తోడు విమానం మోత వినగానే జకరయ్య తడి జొన్నచొప్పకు నిప్పు పెట్టి పొగ లేపేవాడు. ఇది సుందరేశన్ చెప్పింది కాదు. జకరయ్య సొంత తెలివి. పొగ అయితే ఇంకా దూరం నుంచి కనపడుతుంది. ఏడేళ్లలో విమానం ఎన్నిసార్లు దిగిందో లెక్క లేదు. ఒక్కసారీ చక్రం బాట దాటలేదు. ఆ పేరంతా పైలటుకు పోయింది, మిల్లాయన అదృష్టానికి పోయింది. చొప్ప తడిపిన వాడికి రాలేదు.

ఇక 1981 ఆగస్టు పదమూడు, గురువారం. మిల్లులో కొత్త యంత్రాలకు ముహూర్తం. హైదరాబాదు నుంచి ఒక పెద్ద వ్యాపారిని మిల్లాయన స్వయంగా విమానంలో వెంటబెట్టుకుని వస్తున్నాడు. బాట తూర్పు కొసన షామియానా వేశారు. నాలుగు వందల కుర్చీలు, మైకు, వెనక వంటలు. శ్రావణమాసపు పడమటి గాలి షామియానా గుడ్డను పటపట కొడుతున్నది.

పొద్దున్నే నాగభూషణం వచ్చి గాలిగుడ్డ కేసి చూశాడు.

“ఏందిరా అది, ముసలోని లాగు ఆరేసినట్లుండాది. పీకెయ్.”

“అది లేకుంటే పైలటు సారుకు గాలి తెల్దు సార్.”

“మైకుకు గుంజ తక్కువపడింది. పీకి ఆడ పాతు.”

గుంజ షామియానా దగ్గరికి పోయింది. దాని కొనకు మైకు కట్టారు. జకరయ్య చొప్ప మోపు తెచ్చి నీళ్లు చల్లుతుంటే నాగభూషణం మళ్లీ అరిచాడు.

“పొగ ఏస్తావా? గాలి ఇటేకదరా కొట్టేది. పెద్దమనుషుల ముక్కుల్లోకి కొడతాది. తియ్యి దాన్ని.”

“గాలి ఇటు కొడతాంది గాబట్టే చెప్తాండా సార్. ఇయ్యాల విమానం షామియానా మీది నుంచి వచ్చి పడమటికి దిగల్ల. మా పేట కాడ ఆగల్ల.”

నాగభూషణం అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. “హైదరాబాదు నుంచి వచ్చే మనిషి మీ సమాధుల కాడ దిగి, మీ పెంటదిబ్బలు తొక్కుకుంటా రావల్లా? పడమట నుంచి వచ్చి షామియానా ముందర ఆగుతాది. అయ్య చెప్పినాడు. విమానం సంగతి నువ్వు నాకు చెప్పేవాడివైనావా?”

జకరయ్య ఊరుకున్నాడు. ఏడేళ్ల కిందట కరణం అరుగు కింద ఊరుకున్నట్టే.

పదకొండు గంటలకు మోత వినపడింది. విమానం ఒకసారి బాట పైన తిరిగింది. గాలిగుడ్డ కోసమో, పొగ కోసమో వెతుకుతున్నదని జకరయ్యకు అర్థమైంది. తర్వాత అది పడమటికి పోయి, పేట ఇళ్ల మీదికి వంగి వస్తున్నది. వెనక గాలి. జకరయ్య ఇక ఆగలేదు. చేతిలో ఉన్న తుండుతోనే బాట మధ్యకు పరిగెత్తి, వద్దు వద్దని అడ్డంగా ఊపాడు. వెనక్కి పొమ్మని ఊపాడు. విమానం అద్దంలోంచి మిల్లాయన చెయ్యి కనపడింది. ఆయన కూడా తిరిగి ఊపాడు.

ఆయనకు తెలిసిన లోకంలో పేటవాడు తుండు తీశాడంటే మర్యాద. ఊపాడంటే ఇంకా పెద్ద మర్యాద. “ఎంత ఇదిగా పిలుస్తాండారో చూడప్పా, దించు,” అన్నాడట పక్కనున్న పైలటుతో. మళ్లీ తిరిగి అవతలి నుంచి వస్తానని సుందరేశన్ అంటే, “జనం కాచుకోనుండారు, దించు,” అన్నాడట. ఇదంతా తర్వాత నంద్యాల ఆసుపత్రిలో, చేతికి కట్టుతో వచ్చి సుందరేశనే జకరయ్యకు చెప్పాడు. చెప్పి, “ఇది నేను ఇంకెక్కడా చెప్పను జకరయ్యా, నాకు ముగ్గురు పిల్లలు,” అన్నాడు. ఆ వారమే మద్రాసు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

జకరయ్య పక్కకు దూకాడు. చక్రాలు బాట సగం దాటాక గాని నేలను తాకలేదు. తాకి ఎగిరాయి, మళ్లీ తాకాయి. గరుసు చిమ్మింది. ఎదురుగా షామియానా పెద్దదవుతున్నది. విమానం తోక ఒక్కసారి కుడికి కొట్టుకుంది, ముక్కు ఎడమకు తిరిగింది. పలుపు తెంచుకున్న దూడలాగా అది బాట దాటి, అడ్డంగా జారుతూ ఉత్తరపు చేలోకి పోయింది. ఆ చేలో ఎనిమిది మంది ఆడవాళ్లు వేరుశనగలో కలుపు తీస్తున్నారు. ఏడుగురు తప్పుకున్నారు. ఎనిమిదో మనిషి లూదియా. చక్రం ఆమె ఎడమ కాలి మీదుగా పోయింది. విమానం ముక్కు నేలలో దిగబడి, రెక్క వంగి ఆగింది.

మిల్లాయన నుదుటి మీద గీరుకుంది. అతిథికి మోచెయ్యి బెణికింది. వాళ్లను ఎత్తుకుని కారు వెళ్లిపోయింది. ఇంకా మూడు జీపులు అక్కడే ఉన్నాయి. జకరయ్య ఒక్కో జీపు దగ్గరికీ పోయి చేతులు జోడించాడు. మొదటి డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. రెండోవాడు మేనేజరును అడగమన్నాడు. మూడోవాడు, “సీట్లకు నెత్తురైతే నన్ను తంతారు,” అన్నాడు. లూదియాను ఎద్దులబండిలో ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి లారీలో నంద్యాలకు తీసుకుపోయారు. దోవ పొడుగునా ఆమె ఒక్క మాటే అడిగింది: “కలుపు తొలిక యాడ పడిందో చూసినావా? అది జయమ్మది. ఇచ్చెయ్యల్ల.” ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

షామియానా కింద మాత్రం వండింది పారబోయకూడదని రెండు గంటలకు ఆకులు వేశారు.

డిసెంబరులో నాగభూషణం పేటకు వచ్చాడు. పేటలోకి అతను అడుగు పెట్టడం అదే మొదటిసారి. జకరయ్య వాకిట్లో మంచం వాల్చాడు. అతను కూర్చోలేదు. చేతి సంచీలోంచి టైపు కొట్టిన కాగితం, ప్యాడు తీశాడు.

“విమానాల ఆఫీసరు విచారణకు నంద్యాలకు వస్తాండాడు. నువ్వు కావలోనివి గదా, నీ వాంగ్మూలం కావల్ల. ఏలు పెట్టు.”

“సదివి పెడతా సార్.”

నాగభూషణం నవ్వాడు. “నువ్వా? సదువు, సదువు.”

జకరయ్య కాగితం రెండు చేతులా పట్టుకుని గుళ్లో పాఠం చదివే గొంతుతో పైకి చదివాడు. ఇరుగుపొరుగు గోడల మీదుగా తలలు లేచాయి. పొయ్యి దగ్గర కూర్చున్న లూదియా, పక్కన కూతురు ఎస్తేరు వింటున్నారు. విమానం దిగే సమయానికి కావలివాడనైన నేను నిర్లక్ష్యంగా ఉన్నందున నా బర్రె బాట మీదికి వచ్చిందనీ, దాన్ని తప్పించబోయి పైలటు విమానాన్ని అదుపు చేయలేకపోయాడనీ, పూర్తి తప్పు నాదేననీ ఉంది.

జకరయ్య కాగితం దించాడు. “నాకు బర్రె యాడుండాది సార్?”

“కాగితంలో ఉండాది గదా.”

“మా నాయన కాలంలో ఒకటుండె. అది సచ్చి ఇరవై ఏండ్లాయె.”

“ఏ బర్రెనో ఒకటి. ఎవురొచ్చి లెక్కపెడతారు?”

పొయ్యి దగ్గర నుంచి లూదియా గొంతు వచ్చింది. “దాని పాలు ఎవురు పిండుకుంటాండారో కనుక్కో ఎస్తేరు నాయనా. మనింటికైతే రాల్యా.”

గోడల మీద నవ్వులు లేచాయి. నాగభూషణం ముఖం గడ్డకట్టింది. సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు. పాతది, పసుపుబారింది. కింద నీలం వేలిముద్ర. జకరయ్య దాన్ని వెంటనే గుర్తుపట్టాడు.

“అయ్య పెద్ద మనసు. నువ్వు దాని మీద ఏలు పెడితే, ఇది నీ కండ్ల ముందరే చింపేస్తాం. నీ ఎకరన్నర నీది. పెట్టకుంటే కావలి పని ఉండదు. నీకే కాదు, పేటలో ఎవురికీ మా చేలల్లో కూలి ఉండదు. రెండ్రోజులు ఆలోచించుకో.”

అతను పోయాక గోడల మీది తలలు దిగిపోయాయి. తర్వాత లూదియానే అంది:

“పెట్టు.”

జకరయ్య తిరిగి చూశాడు.

“కాలు ఎట్లాగూ రాదు. చేనన్నా రానీ. ఎస్తేరుకు రేపు ఏమిస్తావు? నీ నిజాన్ని కొంగున కట్టి పంపుతావా?”

ఆమె ఆ మాట కోపంగానే అంది, తప్పుగా అనలేదు. ఎకరన్నర అంటే ఆ ఇంట్లో గింజలు. జకరయ్యకు ఆ చేను ప్రతి రాయీ తెలుసు. రెండు రోజులూ అతను గరుసు బాట మీద ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాడు. గరుసు కింద తన చేను గట్టు ఎక్కడుండేదో అడుగులతో కొలుచుకున్నాడు. రెండో రోజు పొద్దున వచ్చి భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నేను ఏలు పెడితే నీ కాలు తీసింది నేనని రాసినట్లు. రేపు ఎస్తేరు ఆ కాగితం చదువుతాది. అదీ చదువుకుంటాంది గదా.”

లూదియా ఊతకర్ర అందుకుని లేచి, లోపలికి కుంటుకుంటూ పోయి, కూతురి నోటు పుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి తెచ్చి అతని ముందు వేసింది.

“రాయి. తుండు సంగతి మర్సిపోవద్దు. జీపుల సంగతీ రాయి.”

జకరయ్య రాశాడు. గాలిగుడ్డ ఎవరు పీకించారో, పొగ ఎవరు వద్దన్నారో, గాలి ఎటు వీచిందో, తుండు ఎందుకు ఊపాడో రాశాడు. తనకు బర్రె లేదని విడిగా ఒక వాక్యం రాశాడు. రెండు ప్రతులు చేసి కింద తన పేరు పూర్తిగా పెట్టాడు. నాగభూషణం వచ్చినప్పుడు ఒక ప్రతి ఇచ్చాడు. అతను చదవనైనా చదవకుండా నాలుగు ముక్కలు చేసి వాకిట్లో పారేశాడు.

“ఇంకోటుండాది సార్,” అన్నాడు జకరయ్య. భుజం మీద తుండు ఉంది.

ఆ రోజు నుంచి పేటకు కూలి లేదు. ఆడవాళ్లు కోతలకు గడివేముల దాకా నడిచీ బస్సెక్కీ పోతున్నారు. వాళ్లలో కొందరు జకరయ్య వాకిటి ముందు నుంచి పోతూ వినపడేట్టు తిడుతున్నారు. “నీ సంతకం మా పొయ్యి ఆర్పింది,” అని జయమ్మ ముఖం మీదే అంది. కలుపు తీస్తూ తప్పుకున్న ఏడుగురిలో ఆమె ఒకతె. ఆ రోజు ఏం చూశావంటే, వంగి ఉన్నాను, ఏమీ చూడలేదంటున్నది. ఆమెను తప్పు పట్టే అర్హత ఆకలి ఎరగని వాళ్లకు లేదు. మిల్లాయన తన కింది పాలేర్లు ఇద్దరి చేత బర్రెను చూశామని వేలిముద్రలు వేయించుకున్నాడు. వాళ్లకూ సంతకాలు వచ్చునేమో, అడిగిన వాళ్లు లేరు. ఇవాళ జకరయ్య పక్కన ఉన్నది ఒక కాలు లేని భార్య, నోటు పుస్తకం కాగితం ఒకటి.

అందుకే ఈ కథ ఇక్కడితో ముగించడం కుదరదు. విచారణ ఈ ఫిబ్రవరి పదిహేను, సోమవారం పొద్దున పది గంటలకు నంద్యాల ట్రావెలర్స్ బంగళాలో.

ఆగస్టు పదమూడున షామియానా కింద నాలుగు వందల మంది కూర్చున్నారు. నంద్యాల వ్యాపారులున్నారు, ఆళ్లగడ్డ ఉపాధ్యాయులున్నారు, ప్లీడర్లున్నారు, రుద్రవరం రైతులున్నారు. వాళ్లంటే ఇది చదువుతున్న మీరే. మీలో ఎవరికీ మిల్లాయన చేలో కూలి అక్కర్లేదు. మీకు ఎవరికీ కాలు పోలేదు. గాలి మీ ముఖాలకు ఎటు నుంచి కొట్టిందో మీకు గుర్తుంది, ఎందుకంటే విస్తరాకులు లేవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నారు. బర్రెను చూశారా, లేదా? అది ఒక్కటి చెప్పండి. రాగలిగిన వాళ్లు సోమవారం నంద్యాలకు రండి, పేటవాళ్లు ఒంటరిగా ఆ బంగళా మెట్లెక్కకుండా వాళ్ల పక్కన నడవండి. రాలేని వాళ్లు ఒక పోస్టుకార్డు కొనండి. ‘విమాన ప్రమాద విచారణాధికారి, ట్రావెలర్స్ బంగళా, నంద్యాల’ అని చిరునామా రాయండి. మీరు చూసింది రెండు వాక్యాల్లో రాయండి. కింద సంతకం పెట్టండి. మీ చేతిలోంచి కలం ఎవరూ లాక్కోలేదు కదా.